ఉప్పుగాలి తిన్న మోపెడు

మీ ఊళ్ళో ఏ పశువులసాల మూలనో, ఏ పాతింటి వసారాలోనో గోనెసంచి కప్పుకుని పడివున్న మోపెడును మీరు చూసే ఉంటారు. ఒకప్పుడు తాతగారు దానిమీదే సంతకు వెళ్ళివుంటారు. ఇప్పుడు దాని టైర్లు పగుళ్ళిచ్చాయి. చైను కర్రలా బిగుసుకుపోయింది. మడ్‌గార్డును వేలితో నొక్కితే రేకు పొరలు పొరలుగా రాలుతుంది. పాతసామాను కొనేవాళ్ళు కిలోల లెక్కన అడుగుతారు. అమ్మెయ్యడమా, బాగుచేసుకోవడమా?

జవాబు చెప్పేముందు చిన్న దర్యాప్తు చెయ్యాలి. ఇంతకీ ఆ బండిని పాడుచేసిందెవరు? ఎక్కువగా నడపడంవల్ల అరిగిపోయి ఉంటుందని అనుకుంటాం. కాని విప్పి చూస్తే చాలాసార్లు తేలేది వేరు. నడిచినన్నాళ్ళూ బండి బాగానే ఉంది. కదలకుండా నిలబడిన తరవాతే దానిమీద దాడి మొదలయింది. దాడి చేసినవి రెండు: బయటనుంచి ఉప్పుగాలి, లోపలనుంచి నిలవ పెట్రోలు. ఇవి ఎలా పనిచేస్తాయో తెలిస్తే మరమ్మతు సంగతి సగం తెలిసినట్టే.

మోటారూ, పెడలూ

‘మోపెడు’ అన్న మాట స్వీడన్‌లో పుట్టింది. మోటారులోని మొదటి అక్షరాలూ, పెడలులోని మొదటి అక్షరాలూ కలిపి 1952లో ఒక పత్రికా రచయిత దీన్ని తయారుచేశాడు. పేరులోనే విషయమంతా ఉంది. మోటారు ఆగిపోతే సైకిలులా తొక్కుకుంటూ ఇంటికి చేరవచ్చు.

ఫ్రాన్సులోని మోటోబెకాన్ కంపెనీ 1949లో ‘మోబిలెట్’ అనే మోపెడును తెచ్చింది. దానికి మన తెలుగునేలమీద ఒక తమ్ముడు పుట్టాడు. తిరుపతిలోని ‘మోపెడ్స్ ఇండియా’ వారు ఆ ఫ్రెంచి కంపెనీ సహకారంతో తయారుచేసిన ‘సువేగ’ అది. తరవాత 1972లో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ నుంచి ‘లూనా’ వచ్చింది. దాని మూలం ఇటలీలోని పియాజియో వారి ‘చావో’. 1980లో తమిళనాడులోని హోసూరు నుంచి ‘టీవీఎస్ 50’ వచ్చింది. ఇద్దరు కూర్చుని వెళ్ళగలిగిన మోపెడు మనదేశంలో అదే మొదటిది. ఉద్దానం కొబ్బరికాయలూ, పాలక్యానులూ, చేపల పెట్టెలూ, ధాన్యం బస్తాలూ ఇలాంటి బండ్లమీదే ఎక్కాయి.

ఆ పేరులోని 50 ఏమిటో తెలుసుకదా? సిలిండరులో పిస్టను కిందినుంచి పైదాకా కదిలే జాగా ఘనపరిమాణం. మోబిలెట్ సిలిండరు లోపలి వ్యాసం 39 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణించే దూరం 41.8 మిల్లీమీటర్లు. వీటిని సెంటీమీటర్లలోకి మార్చి, స్థూపం ఘనపరిమాణం సూత్రంలో వేసి చూడండి. 49.9 ఘన సెంటీమీటర్లు వస్తుంది. అంటే ఒక చిన్న టీగ్లాసులో పట్టేంత జాగా! బస్తా బరువును లాక్కువెళ్ళింది ఈ టీగ్లాసే.

ఉప్పు చేసే పని

ఇక మొదటి శత్రువు సంగతి. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర నౌపడా ఉప్పుకొటార్లు ఉన్నాయి. సముద్రపు నీటిని మళ్ళలో ఎండబెట్టి అక్కడ ఉప్పు పండిస్తారు. కాని ఉప్పు అక్కడే తయారవుతుందనుకోకండి. అలలు విరిగినప్పుడల్లా సన్నటి తుంపర గాలిలోకి లేస్తుంది. నీరు ఆవిరైపోయి, కంటికి కనబడని ఉప్పురేణువులు మిగిలి, గాలితోపాటు ఊళ్ళమీదికి వస్తాయి. బారువా, భావనపాడు, కళింగపట్నం, పూసపాటిరేగ ప్రాంతాల్లో కిటికీ ఊచలు ఎంత తొందరగా చెడిపోతాయో అక్కడివాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ కావాలి, గాలిలోని ఆక్సిజనూ కావాలి. రెంటిలో ఏది లేకపోయినా తుప్పు లేదు. నీటిపొర కింద ఇనుము ఒకచోట ఎలక్ట్రానులను వదిలి కరుగుతుంది. ఆ ఎలక్ట్రానులు లోహంగుండా నడిచి మరొకచోటికి చేరి, అక్కడి ఆక్సిజనుతోనూ నీటితోనూ కలుస్తాయి. చూశారా, ఇది అచ్చంగా టార్చిలైటు సెల్లులో జరిగే వ్యవహారమే! మడ్‌గార్డుమీద ప్రతి తడిమచ్చా ఒక బుల్లి విద్యుత్ ఘటం. మంచినీటిలో విద్యుత్తు సులువుగా నడవదు. ఉప్పు కలిస్తే నడుస్తుంది. అందుకే ఉప్పునీటిలో తుప్పు జోరు.

అంతేకాదు. వానాకాలంలో వంటింట్లో గళ్ళుప్పు జాడీ చెమ్మగిల్లడం చూశారుగా? శుద్ధి చెయ్యని సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతోపాటు మెగ్నీషియం క్లోరైడు కూడా కొంత ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే సోడియం క్లోరైడు నీరు పీల్చి కరుగుతుంది. మెగ్నీషియం క్లోరైడుకు అంత ఓపిక లేదు. 33 శాతం తేమ చాలు. మన తీరంలో ఏడాది పొడుగునా గాలి అంతకన్నా తడిగానే ఉంటుంది. కాబట్టి ఉప్పురేణువు పడిన ఇనుము వాన కురవకపోయినా తడిసే ఉంటుందన్నమాట. కప్పిన గోనెసంచి ఆ తడిని ఆరనివ్వదు. రక్షణ అనుకున్నదే భక్షణ అయింది!

దీన్ని మీరే పరీక్షించవచ్చు. కొత్త ఇనుపమేకులు నాలుగు తీసుకోండి. నూనెజిడ్డు పోయేలా సబ్బుతో కడగండి. నాలుగు గాజుగ్లాసుల్లో ఒక్కొక్కటి వెయ్యండి. మొదటిదాంట్లో కాచి చల్లార్చిన నీరు నిండుగా పోసి, పైన నూనె తేల్చండి. రెండోదాంట్లో మామూలు నీరు. మూడోదాంట్లో చెంచాడు ఉప్పు కలిపిన నీరు. నాలుగోదాంట్లో చెంచాడు చాకలిసోడా కలిపిన నీరు. వారం రోజుల తరవాత చూడండి. నాలుగో గ్లాసు మేకును ప్రత్యేకంగా గమనించండి. క్షారద్రావణంలో ఇనుముమీద కంటికి కనబడని పలచటి పొర ఏర్పడి దాన్ని కాపాడుతుంది. ఈ సంగతి మనకు ఇప్పుడే పనికి వస్తుంది.

చింతపండుతో చికిత్స

బండిని విప్పేటప్పుడు ఏ భాగం ఎక్కడినుంచి వచ్చిందో ఫొటో తీసుకోండి. లేదా నోటుపుస్తకంలో బొమ్మ గీసుకోండి. మరలన్నీ ఒకే డబ్బాలో పోసి తరవాత తలపట్టుకునేవాళ్ళే ఎక్కువ. బిగుసుకుపోయిన నట్టుమీద పానా పెట్టి బలం చూపిస్తే బోల్టు విరుగుతుంది. ఇనుము తుప్పుగా మారేటప్పుడు దాని ఘనపరిమాణం రెండుమూడు రెట్లు అవుతుంది. మరచుట్ల మధ్య చోటు లేక అది ఆప్పులా ఇరుక్కుంటుంది. పలచటి నూనె పోసి రాత్రంతా వదిలెయ్యండి. సన్నటి సందులోకి నూనె తనంతట తానే ఎక్కుతుంది. దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టే.

చిన్న భాగాల తుప్పు వదలగొట్టడానికి చింతపండుకు మించిన మందు లేదని నా అభిప్రాయం. బజారులో ఖరీదైన సీసాలు చాలా ఉన్నాయనుకోండి. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి సామానుకు పేరుపడ్డ ఊరు. ఆ ఇత్తడిని మన అమ్మమ్మలు చింతపండుతోనే తోమారు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం లోహపు ఆక్సైడును కరిగిస్తుంది. కరిగిన లోహపు అయానును గట్టిగా పట్టుకుని మళ్ళీ అంటుకోనివ్వదు. చిక్కటి పులుసులో తుప్పుపట్టిన బోల్టులు ఒక రాత్రి నానవేసి, ఉదయం పాత పళ్ళబ్రష్షుతో రుద్దండి. రెండుమూడు రోజులు వదిలెయ్యకండి. తుప్పు అయిపోయాక ఆమ్లం ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. తీసిన వెంటనే చాకలిసోడా నీటిలో ముంచి ఆమ్లాన్ని తటస్థపరచి, ఎండలో ఆరబెట్టి, నూనె రాయాలి. ఆలస్యం చేస్తే మీ కళ్ళముందే మళ్ళీ ఎర్రబడుతుంది.

హ్యాండిలు, స్టాండు లాంటి పెద్ద భాగాలకు విద్యుత్ విశ్లేషణం ఉంది. ప్లాస్టిక్ తొట్టిలో లీటరుకు ఒక చెంచాడు చొప్పున చాకలిసోడా కలిపిన నీరు పోస్తారు. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు రుణధ్రువాన్ని తుప్పుపట్టిన భాగానికీ, ధనధ్రువాన్ని ఒక పాత ఇనుపకడ్డీకీ తగిలిస్తారు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. రుణధ్రువం దగ్గర హైడ్రోజను బుడగలు పుట్టి తుప్పును వదులు చేస్తాయి. ఎర్ర తుప్పులో కొంత నల్లగా మారిపోతుంది. ఇది పెద్దవాళ్ళ ఎదుట, ఆరుబయట మాత్రమే చెయ్యవలసిన పని. హైడ్రోజను మండే వాయువు కదా! స్టెయిన్‌లెస్ స్టీలు గరిటెను ధనధ్రువంగా వాడితే విషపూరితమైన క్రోమియం లవణాలు తయారవుతాయి. చాకలిసోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిను వస్తుంది. అల్యూమినియం భాగాలను ఇందులో వెయ్యకూడదు, అవే కరిగిపోతాయి. స్ప్రింగులనూ వెయ్యకూడదు. హైడ్రోజను లోపలికి చొరబడితే గట్టి ఉక్కు పెళుసెక్కి విరుగుతుంది.

పాత రంగును ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దండి. (పేరులో ఉప్పు ఉన్నా ఇది మన మిత్రుడే.) పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. ఆ దుమ్ము పీల్చకూడదు. తరవాత రెడ్ ఆక్సైడు పూస్తారు. దాని ఎరుపు దేనిదో తెలుసా? ఐరన్ ఆక్సైడుదే. తుప్పుకు దగ్గరి చుట్టం! జిగురులో మెత్తటి పొడిగా నిలిచినప్పుడు అది నీటిని లోపలికి రానివ్వని పొరలో భాగమవుతుంది.

టీగ్లాసులో ఏమి జరుగుతుంది?

పాత మోపెడు ఇంజనుకు కవాటాలు లేవు. సిలిండరు గోడలో రంధ్రాలుంటాయి. వాటిని మూసీ తెరిచీ కాపలా కాసే తలుపు పిస్టనే. పిస్టను పైకి వెళ్ళేటప్పుడు పైన ఉన్న మిశ్రమాన్ని నొక్కుతుంది. అదే సమయంలో కిందనున్న పెట్టెలోకి కొత్త మిశ్రమాన్ని పీలుస్తుంది. ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. పిస్టను కిందికి దూసుకువస్తూ పొగ పోయే దారి తెరుస్తుంది. కింది పెట్టెలోని మిశ్రమాన్ని పైకి నెడుతుంది. పైకొకసారి, కిందికొకసారి. రెండు కదలికల్లో పని పూర్తి. అందుకే దీన్ని టూస్ట్రోకు అన్నారు.

కింది పెట్టెలో పెట్రోలు మిశ్రమం తిరుగుతుంది కనుక అక్కడ నూనె నిలవ ఉంచలేం. అందుకని నూనెను పెట్రోలులోనే కలుపుతారు. 25కు 1 అని బండి పుస్తకంలో రాసివుంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఆ నూనె పెట్రోలుతోపాటు మండి నీలిపొగ అవుతుంది. పైగా కొత్త మిశ్రమంలో కొంత మండకుండానే బయటికి జారిపోతుంది. టూస్ట్రోకు మోపెడ్ల కాలం ముగియడానికి ఈ పొగే ముఖ్య కారణం.

నూనె మరిచిపోతే ఏమవుతుందో లెక్క వేద్దాం. పిస్టను అల్యూమినియంది. సిలిండరు చాలా పాత బండ్లలో పోత ఇనుముది. వేడి 100 డిగ్రీలు పెరిగితే 39 మిల్లీమీటర్ల పిస్టను సుమారు 0.09 మిల్లీమీటరు ఉబ్బుతుంది. సిలిండరు 0.04 మాత్రమే ఉబ్బుతుంది. మధ్యనున్న సందు 0.05 మిల్లీమీటరు తగ్గిపోయింది. అంటే తలవెంట్రుక మందంపాటి! ఆ సందులో నూనెపొర లేకపోతే లోహం లోహానికి అతుక్కుని ఇంజను పట్టేస్తుంది.

నిలవ ఉన్న బండిలో ఇంకో రకం పట్టు ఉంటుంది. పిస్టను రింగులు తుప్పుతో గోడకు అంటుకుంటాయి. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోనుంచి డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి రెండుమూడు రోజులు ఆగాలి. తరవాత చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ కదిలించాలి. సుత్తితో కొట్టకూడదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానుల్లో నీట మునిగిన బండికి కూడా మొదట ప్లగ్గే విప్పాలి. గాలిని నొక్కినట్టు నీటిని నొక్కలేం. నీరున్న సిలిండరుతో బలంగా స్టార్టు చెయ్యబోతే కడ్డీ వంగిపోతుంది.

ఇప్పుడు రెండో శత్రువు. నిలవ పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగం ముందు పోతుంది. మిగిలినది గాలిలోని ఆక్సిజనుతో కలిసి బంకగా మారుతుంది. కార్బరేటరులో పెట్రోలు చిమ్మే జెట్టు రంధ్రం ఒక మిల్లీమీటరుకన్నా సన్నం. అది పూడుకుపోవడానికి చిటికెడు బంక చాలు. దాన్ని ఉక్కుసూదితో పొడవకండి. జెట్టు ఇత్తడిది, రంధ్రం పెద్దదైపోతుంది. కరెంటు తీగలోని రాగిపోగు మెత్తన, దాంతో గుచ్చవచ్చు.

ఈమధ్య కొత్త చిక్కు ఒకటి వచ్చింది. 2025 నాటికి మనదేశంలో పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుపుతున్నారు. ఇథనాలుకు నీరంటే ప్రీతి. తేమను పీల్చి, మరీ ఎక్కువైతే పెట్రోలునుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరుతుంది. ఆ తడి ట్యాంకును లోపలనుంచి తుప్పు పట్టిస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలూ వాషర్లూ దానిలో ఉబ్బి పాడవుతాయి. మరో సంగతి. కిలో పెట్రోలు మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కిలో ఇథనాలుకు 9 కిలోలు చాలు. పాత పెట్రోలుకు సరిపెట్టిన జెట్టుతో కొత్త ఇంధనం వాడితే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతుంది. ఇంజను మరింత వేడెక్కుతుంది. ఇందాకటి 0.05 గుర్తుందా? అందుకే ఇథనాలుకు తట్టుకునే గొట్టాలు వేయించి, జెట్టు సంగతి అనుభవమున్న మెకానిక్కుకు చూపించాలి. పెట్రోలు ట్యాంకు కడగడం కూడా ఆయనకే వదిలెయ్యండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకన్నా ప్రమాదం. అందులో ఉన్నది పెట్రోలు ఆవిరి, గాలి. నిప్పు తగిలితే పేలుతుంది.

నిప్పురవ్వ సంగతి వినండి, ఇది చాలా సరదాగా ఉంటుంది. ఈ బండ్లలో స్టార్టు చెయ్యడానికి బ్యాటరీ అక్కరలేదు. ఇంజనుతోపాటు తిరిగే చక్రంలో అయస్కాంతాలుంటాయి. వాటి దగ్గర తీగచుట్ట. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రం ప్రకారం తీగచుట్టలో విద్యుత్తు పుడుతుంది. ‘పాయింట్లు’ సరిగ్గా సమయానికి విడిపోగానే ఆ విద్యుత్తు ఠక్కున ఆగి, రెండో చుట్టలో వేల వోల్టులు లేచి, ప్లగ్గు సందును దాటతాయి. నిమిషానికి 4000 చుట్లు తిరిగే ఇంజనులో ఇది సెకనుకు 67 సార్లు జరగాలి. నిలవ బండిలో పాయింట్లమీద ఆక్సైడు పొర పేరుకుంటుంది. సన్నటి ఉప్పుకాగితంతో ఒకసారి రుద్దితే చాలు, ఏళ్ళ తరవాత నిప్పురవ్వ ఎగురుతుంది. బ్యాటరీతో నడిచే యంత్రం ఏదీ ఇంత ఓపికగా ఎదురుచూడదు.

ఏది మార్చవచ్చు?

బండి లేచింది. ఇక దాన్ని మన ముచ్చట ప్రకారం మార్చుకోవాలనిపిస్తుంది. కొందరు చేసే మొదటి పని సైలెన్సరు లోపలి గొట్టం పీకెయ్యడం. చప్పుడు పెరుగుతుంది కనుక వేగం పెరిగిందని భ్రమ. టూస్ట్రోకులో జరిగేది సాధారణంగా దీనికి తలకిందులు. సిలిండరునుంచి పొగ ఒక పీడనపు అలగా బయటికి వస్తుంది. సైలెన్సరులోని అడ్డుగోడకు తగిలి ఆ అల వెనక్కి మళ్ళి, బయటికి జారిపోబోతున్న కొత్త మిశ్రమాన్ని మళ్ళీ సిలిండరులోకి నెడుతుంది. బావిలో కేక వేస్తే తిరిగి వచ్చినట్టు. అడ్డుగోడ తీసేస్తే ఆ సాయం పోతుంది. పెట్రోలు ఎక్కువ, లాగుడు తక్కువ, ఊరందరి తిట్లు అదనం.

చైను పళ్ళ సంఖ్య మార్చడం మరో కోరిక. ఇంజను వైపు 11 పళ్ళు, చక్రం వైపు 44 ఉంటే నిష్పత్తి 4. ముందుది 12 చేస్తే 3.67 అవుతుంది. వేగం 9 శాతం పెరిగే అవకాశం, లాగే బలం 8 శాతం తగ్గుదల. విజయనగరం వీధుల్లో తేడా తెలియకపోవచ్చు. సాలూరు దాటి (ఇది 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది) ఘాటురోడ్డు ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పెడలు తొక్కవలసి వస్తుంది.

అసలు మార్చవలసినవి బ్రేకులు. బండి, మనిషి కలిపి 110 కిలోలనుకోండి. వెనక 110 కిలోల కొబ్బరికాయలు కడితే అదే వేగంలో గతిశక్తి రెట్టింపు. వేగం 20నుంచి 40కి పెరిగితే గతిశక్తి నాలుగురెట్లు. దాన్నంతటినీ వేడిగా మార్చి ఆపవలసింది అరచేయంత బ్రేకు లైనింగు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడవాలి. కొత్త లైనింగుల తయారీలో వాడే పదార్థాల్లో జీడిపిక్కల పైపెంకు నూనె ఒకటి. దానినుంచి తీసిన రెసిను వేడికి తొందరగా చెడదు. పలాసలో జీడిపప్పు ఒలిచాక మిగిలే పెంకులోనుంచి వచ్చేది ఈ నూనే!

చట్టం సంగతి కూడా చూడాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కంపెనీ ఇచ్చిన బండి స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్ళకు, తరవాత అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. ఏపీ 30, ఏపీ 35 నంబర్లతో మూలనపడ్డ బండ్లలో చాలావాటికి ఆ గడువు ఎప్పుడో దాటివుంటుంది. 2021లో కేంద్రప్రభుత్వం మరో ఏర్పాటు చేసింది. 50 ఏళ్ళు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న బండిని ‘వింటేజి’ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు వస్తాయి. రోజూ తిరగడానికి మాత్రం కాదు. మొదటి లూనాలకు 2022లో 50 నిండాయి. కాబట్టి తాతగారి బండి ఇంజనునూ ఫ్రేమునూ కోసి అతికించేముందు దాని పుట్టిన సంవత్సరం చూడండి. సీటు, రంగు, అద్దాలు మళ్ళీ మార్చుకోవచ్చు. కోసిన ఫ్రేము తిరిగి రాదు. ఇక నడపడమంటారా, లైసెన్సుతో గేర్లులేని 50 సీసీ లోపు బండి అయితే 16 ఏళ్ళకు, అంతకు మించితే 18కి. అందాకా విప్పడం, తుడవడం, బిగించడం మీ వంతు.

పరీక్షల కాలంలో బండిని మళ్ళీ కొన్ని నెలలు పక్కన పెట్టవలసి వస్తుందనుకోండి. మెకానిక్కుచేత ట్యాంకూ కార్బరేటరూ ఖాళీ చేయించండి. ప్లగ్గు విప్పి రంధ్రంలో చెంచాడు నూనె పోసి, పెడలు నాలుగుసార్లు తిప్పి, ప్లగ్గు మళ్ళీ బిగించండి. బండిని మంచినీటితో కడిగి ఉప్పు వదలగొట్టి, ఎండలో ఆరనిచ్చి, చైనుకు నూనె పట్టించండి. టైర్లు నేలకు ఆనకుండా స్టాండు వెయ్యండి. పైన గోనెసంచికి బదులు పలచటి నూలుదుప్పటి కప్పండి. నెలకొకసారి దాన్ని తీసి, చక్రం ఒక చుట్టు తిప్పి చూడండి.